మేకల పాకా, మామా గదీ

ఎడారిలో చలి ఉంటుందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. దుబాయ్ అంటే ఎండే అనుకుంటారు. నిజానికి మేమున్నది దుబాయ్ కూడా కాదు. షార్జా నుంచి కొండల వైపు గంటకు పైగా వెళితే వచ్చే ఒక చిన్న తోట. ఖర్జూరాలు, కొన్ని నిమ్మచెట్లు, పశువుల గడ్డి వేసిన నాలుగు మళ్ళు, అరవై దాకా మేకలు, కాసిని కోళ్ళు. మా బావ అక్కడ సూపర్‌వైజర్. బావ అంటే నా భర్తే. మేనత్త కొడుకు. గౌను వేసుకున్న వయసు నుంచీ అలాగే పిలిచాను, పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మార్చలేదు.

మాకిచ్చిన ఇల్లు రేకుల పోర్టకాబిన్. చలికాలం తెల్లవారేసరికి లోపలి గోడలన్నీ చెమర్చి, పైకప్పు నుంచి చుక్కలు పరుపు అంచు మీద పడేవి. మా పసిపాపకు చలి తగిలితే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి. నేను బీఎస్సీ జంతుశాస్త్రం చదివాను. ఊపిరితిత్తుల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ చదువు నాకు భయాన్ని పెంచడం తప్ప వేరే మేలేమీ చేయలేదు. ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకుని, పాప పొట్ట ఎన్నిసార్లు ఎగసిపడుతుందో లెక్కపెట్టేదాన్ని. నలభై దాటితే బావను లేపేదాన్ని. ఆయన విసుక్కోకుండా లేచి, పాపను నిలువుగా ఎత్తుకుని కూర్చునేవాడు.

క్లినిక్‌కు వెళ్ళాలంటే వాగు దాటాలి. ఏడాదంతా అందులో ఎండు రాళ్ళే. వాన పడిన రోజు మాత్రం కొండల మీది నీళ్ళన్నీ దిగి రోడ్డు మునిగిపోతుంది, పోలీసులు బండి అడ్డం పెట్టేస్తారు. నా భయమంతా ఆ రోజు గురించే. పాపకు ఆయాసం రావడం, వాగు రావడం ఒకే రోజు జరిగితే?

తోట గేటు పక్కన అర్బాబ్ వాళ్ళ ఇల్లుంది. అర్బాబ్ అంటే యజమాని. ఆయన కాపురం పట్నంలో. వాళ్ళమ్మ మాత్రం చలికాలమంతా తోటలోనే ఉండేది. పనివాళ్ళందరూ ఆమెను మామా అనేవాళ్ళు, అరబ్బీలో అమ్మ అని. ఆమె ఇంటిని ఆనుకుని ఒక సిమెంటు గది ఉండేది. గట్టి గోడలు, గట్టి కప్పు, హీటరు. ఎప్పుడూ ఖాళీయే.

పాపకు మొదటిసారి ఆయాసం వచ్చిన చలికాలంలోనే బావను అడిగాను, ఆ గది మాకు నాలుగు వారాలు ఇస్తారేమో కనుక్కోమని. ఆయన వెళ్ళి వచ్చాడు.

"అడిగినా మే. కుదర్దంట. ముసలామె ఒప్పుకోలే. వాళ్ళ చుట్టాలకు పెట్టుకున్న గదంట అది."

"పిల్లకు ఆయాసమని చెప్పినావా?"

"అంతా చెప్పినా. వాళ్ళకేం పట్టింది? మనం పనోళ్ళం."

అప్పటి నుంచి ఆమె కనబడితే నేను మొహం తిప్పుకునేదాన్ని. ముక్కు మీద బంగారు రంగు మెరిసే ముసుగుతో, చేతికర్రతో, ఆమె రోజూ మేకలను చూడడానికి వచ్చేది. పాప వైపు దూరం నుంచే చూసేది. ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదు, ముట్టుకోలేదు. ఈనిన మేక దగ్గర కూర్చుని గంటసేపు ముద్దుమాటలు చెప్పే మనిషి, పసిబిడ్డను చూసి ఆగిపోతుందే అని నాకు ఒళ్ళు మండేది. నాకు అరబ్బీ రాదు. ఆమె ఏదైనా అంటే బావ వినేవాడు, బావ జవాబిచ్చేవాడు, తర్వాత నాకు తెలుగులో చెప్పేవాడు. ఆమెకూ నాకూ మధ్య నడిచిన మాటలన్నీ ఆ దారినే నడిచాయి.

మరుసటి చలికాలం పెద్ద వాన వస్తోందని కబురొచ్చింది. మూడు రోజులు వాన, గాలి, కొండల దగ్గర వడగళ్ళు. అర్బాబ్ ఫోన్ చేసి, ఆ వారంలోనే ఈనవలసిన మేకలు చాలా ఉన్నాయని, ఒక్క పిల్ల కూడా చలికి పోకూడదని చెప్పాడు. బావ పొద్దున్నే టార్పాలిన్లు, దాణా తేవడానికి పట్నం వెళ్ళాడు. నేనూ పఠాన్ చాచా కలిసి పనిలో దిగాం. చాచా పెషావర్ వైపు ముసలాయన, ఆ తోటలో అందరికంటే పాతవాడు. మా కడప పక్కల ఉర్దూ అందరికీ ఎంతోకొంత వస్తుంది కాబట్టి ఆయనతో మాత్రం నేను నేరుగా మాట్లాడేదాన్ని.

గాలి వాయవ్యం నుంచి వస్తుంది. పాకకు ఆ వైపే గోడ లేదు. ముందు పాత ఖర్జూరపు మట్టలు నిలబెట్టి తడిక కట్టాం. గడ్డి మోపులన్నీ చెక్క ప్యాలెట్ల మీదికి ఎక్కించాం, కింద నీళ్ళు పారినా తడవకుండా. పాక చుట్టూ చాచా కాలువ తీశాడు. నేను గోనెసంచులు కోసి, పుట్టబోయే పిల్లలకు చొక్కాలు కుట్టాను, ముందుకాళ్ళకు రెండు కంతలు, పొట్ట కింద ఒక ముడి. బొడ్డుకు పూసే అయోడిన్ సీసా, పాత తువ్వాళ్ళు ఒక డబ్బాలో సర్దాను. పాపను పళ్ళ బుట్టలో దుప్పటి చుట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నీ మొగుడు ఈ పాకకు ప్లాను భలే గీశాడు బేటీ," అన్నాడు చాచా తడిక బిగిస్తూ. "మేకలకు కిటికీ కూడా గీశాడు. ముడి వేయమంటే మాత్రం పట్నంలో పనుంటుంది."

నేను నవ్వుతుండగానే పాప దగ్గింది. ఆ దగ్గు నాకు తెలుసు. చివర్లో సన్నటి ఈల ఉంటుంది.

అప్పటికే మామా పాక దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. చాచాతో ఏదో అనడం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి చేతికర్రతో నేలమీద కొట్టింది. చాచా తలవంచుకుని విన్నాడు. తర్వాత చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు.

"బేటీ, కోప్పడొద్దు. మామా అడుగుతోంది. ఇంత తుఫాను వస్తున్నా మీ దేవుడు ఒప్పుకోడా అని."

"ఏం ఒప్పుకోవడం?"

"ఆమె గదిలో పడుకోవడం."

నాకు అర్థం కాలేదు. ఆయన ముక్కముక్కగా చెప్పుకొచ్చాడు. పోయిన చలికాలం పాప దగ్గు విని, తల్లినీ బిడ్డనూ గదిలోకి పంపమని మామాయే బావకు చెప్పిందట. బావేమో, మా మతంలో మాంసం వండే ఇంటి కప్పు కింద ఆడవాళ్ళు పడుకోకూడదని, ఆ ఇంటి నీళ్ళు కూడా తాగరని, మగవాళ్ళకు పట్టింపు లేదు గాని ఆడవాళ్ళకు మాత్రం చాలా నిష్ఠ అని చెప్పాడట. పండక్కి ఆమె పంపిన గిన్నె కూడా అలాగే తిరిగి వెళ్ళిందట. ఆ గిన్నె నేను కంటితో చూడనే లేదు.

"పిల్లను కూడా అందుకే ముట్టుకోదు," అన్నాడు చాచా. "ముట్టుకుంటే నువ్వు మళ్ళీ స్నానం చేయిస్తావని. చలిలో పసిదానికి స్నానం ఎందుకని."

మా పుట్టింట్లో సంగటి చేసిన రోజు కోడిపులుసు లేకపోతే మా నాన్న కంచం ముందు కూర్చోడు. నేను మాంసం ముట్టని రోజులు ఏడాదిలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇదంతా చాచాకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ముసలామె నా మొహమే చూస్తోంది. అది అబద్ధమని నేనంటే సాయంత్రానికి అర్బాబ్‌కు తెలుస్తుంది. దేవుడి పేరు పెట్టి తన తల్లికి అబద్ధం చెప్పిన మనిషిని ఏ అర్బాబ్ ఉంచుకుంటాడు? కొండల మీద ఆకాశం అప్పటికే బూడిదరంగు తిరిగింది. పాప మళ్ళీ దగ్గింది.

"పసిబిడ్డ ప్రాణం కోసమైతే తప్పులేదని చెప్పు చాచా," అన్నాను. "మా దేవుడు ఒప్పుకుంటాడని చెప్పు."

చాచా నన్ను ఒక్క క్షణం చూశాడు. తర్వాత చెప్పాడు. మామా రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి తలుచుకుంది. వంగి, పాప దగ్గర చెయ్యి ఆపి, ముట్టుకోవచ్చా అన్నట్టు నా వైపు చూసింది. నేనే పాపను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాను.

గంటలో గది సిద్ధం చేయించింది. నేల కడిగించి, లోపలున్న తన వంటపాత్రలన్నీ తీసేయించింది. నా కోసం కొత్త కెటిల్, కొత్త గ్లాసు తెప్పించి పెట్టింది. గ్లాసుకు అంటించిన కాగితం ఇంకా ఊడలేదు. లేని నిష్ఠకు ఆమె అంత మర్యాద ఇస్తుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

బావ మధ్యాహ్నం దాటాక వచ్చాడు. పాపను మామా దగ్గర వదిలి, టార్పాలిన్ ఒక కొస నేను, ఒక కొస ఆయన పట్టుకున్నాం. చాచా కోళ్ళను బుట్టల్లోకి ఎక్కిస్తున్నాడు.

"బావా, పోయినేడు మామా గది ఇస్తానన్నిందంట గదా."

ఆయన తాడు లాగుతూనే ఉన్నాడు. "ఎవురు చెప్పినారు? ఆ పఠానోడా?"

"నువ్వు అడిగినావా, లేదా?"

"తాడు వదలొద్దు. గాలి లేచ్చాంది."

నేను వదల్లేదు. "చెప్పు."

"ఆ గదిలో పండుకుంటే పిల్ల ఆయాసం ఆమెకు తెల్లార్లూ వినపడ్తాది. రోగం పిల్లని అర్బాబ్‌కు తెలిస్తే ఏమైతాదో తెల్సా నీకు? ఫ్యామిలీ వీసా అంటే అర్బాబ్ దయ. ఈడ ఆస్పత్రి దూరం, మీ ఆడోళ్ళను ఊరికి పంపిచ్చెయ్ అంటాడు. నాకంటే ముందుండినాయనకు అట్నే జేసినారు. మీరు పోతే నేనొక్కణ్ణి ఈ మేకల్లో ఏం జేసుకునేది?"

"దానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్యావా?"

"ఇంగేం చెప్పినా మళ్ళీ అడుగుతారు మే. దేవుడంటే అడగరు."

"నాకు చెప్పుండొచ్చు గదా."

"చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? పిల్లనెత్తుకోని ఆ గదిలోకి పొయ్యుంటావు."

అవును, వెళ్ళి ఉండేదాన్ని. ఆయన అది తెలిసే చెప్పలేదు. భయపడి అబద్ధం చెప్పాడంటే నేను క్షమించగలిగేదాన్నేమో. భయం నాకూ తెలుసు, నేను బతికేదే దాంతో. కానీ ఆ చలికాలమంతా నేను పాప ఊపిరి లెక్కపెడుతుంటే ఆయన పక్కనే కూర్చుని ఫోన్ పట్టుకున్నాడు. నలభై మూడు అని నేనంటే, ఇంకోసారి చూడు అన్నాడు. రెండు వందల అడుగుల దూరంలో తలుపు తీసి ఉందని తెలిసి కూడా. అంతేనా, నేను ఆ ముసలామెను తిడుతుంటే నాతో కలిసి తిట్టాడు. నా కంటే ఒక మాట ఎక్కువే తిట్టాడు.

"ఆ కొస గట్టిగా కట్టు," అన్నాడు. కట్టాను. అరవై మేకలకూ తడవని చోటు దొరికింది.

చీకటి పడకముందే వాన వచ్చింది. తర్వాత వడగళ్ళు. సిమెంటు గదిలో ఆ మోత దూరంగా వినిపించింది. పాప హీటరు వైపు తిరిగి పడుకుంది. లెక్కపెట్టాను, ముప్పై రెండు. వాగు వచ్చిందని, రోడ్డు మూసేశారని మాకు మరుసటి రోజు తెలిసింది. ఆ రాత్రి మాకు రోడ్డుతో పని పడలేదు.

పొద్దున బావ తలుపు దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పదకొండు పిల్లలు పుట్టాయని, అన్నిటికీ చొక్కాలు తొడిగామని, అన్నీ బతికాయని చెప్పాడు. పోర్టకాబిన్ పైకప్పు రేకు ఒకటి లేచిపోయి, మా పరుపంతా నీళ్ళలో తేలుతోందని కూడా చెప్పాడు. పాప పడుకునే వైపు రేకే అది.

"పాప ఎట్లుండాది?"

"బాగుంది."

ఆయన గొంతు తగ్గించాడు. "వాళ్ళకు ఏం చెప్పినావు? నా గురించి?"

"నువ్వు చెప్పిందే నిజమన్నా. బిడ్డ కోసమైతే తప్పులేదని చెప్పినా."

ఆయన భుజాలు దిగాయి. మొహమంతా నవ్వు వచ్చింది. "తెలివిగల్లదానివి మే నువ్వు," అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. పాప బాగుందన్నప్పుడు ఆయన మొహంలో అంత వెలుగు రాలేదు.

అంతలో మామా బావ కోసం టీ తీసుకుని వచ్చింది. నేను లేచి నిలబడి బావతో అన్నాను, "ఆమెకు చెప్పు. మా బిడ్డను కాపాడినావు, నీకు దండం అని."

ఆయన ఆమె వైపు తిరిగి అరబ్బీలో చెప్పాడు. నా మాట చిన్నది. ఆయన మాట చాలాసేపు సాగింది. మధ్యలో ఒకసారి చేత్తో నన్ను చూపించాడు. ఆమె వింటూ వింటూ నా వైపు చూసి జాలిగా తల ఊపింది. నేనేం చెప్పానని ఆమె అనుకుందో నాకు తెలియదు.