ఎవరూ నాటని చెట్లు

ఉత్తర ధ్రువం దగ్గరి మంచు నేలల మీదికి అడవి ఎంత పాకిందో విదేశీ శాస్త్రవేత్తల తరఫున కొలవడం నా పని. సెలవుల్లో పలాసలో రైలు దిగి కవిటి వెళ్తూ ఓ కొబ్బరితోట దగ్గర ఆగాను. తోట రైతు ఒక బొండాం కొట్టిచ్చాడు. నేను ఫోన్‌లో ఆ మంచు నేలల మీది మోకాలెత్తు మొక్కలు చూపించాను.

"ఎవులు నాటినారు బాబూ?"

"ఎవరూ నాటలేదు. వేడి పెరిగి వాటంతటవే మొలుస్తున్నాయి."

"మా నాన నాటినియ్యి తుపానుకి పోనాయి. నాను నాటినియ్యి ఇప్పుడే కాత్తన్నాయి."

"మీరూ ఒకటి తాగండి."

"కిడ్నీలు పోనాయి బాబూ, డాక్టరు వద్దన్నాడు. ఎవులైనా వత్తే కొట్టిత్తాను. తాగతంటే సూత్తాను."

మంచులో నెలల తరబడి ఒంటరిగానే తిన్నాను. ఎదురుగా మనిషి ఉండగా ఒంటరిగా తాగింది మాత్రం ఆ రోజే.