తుడిచేయక ముందు నాలుగు రోజులు

లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేస్తే తప్ప అది బాగుపడదని నాకు మొదట చెప్పింది మా తమ్ముడి భార్య. బీదర్ బస్టాండ్ దగ్గరి రిపేరు దుకాణంలో చూపించి తిన్నగా మా ఇంటికే వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"వదినె, దుకాణమాయన జూసిండు. మొత్తం సాఫ్ జేసి, కంపెనీల నుంచి వచ్చిన దినం ఎట్లుండెనో అట్ల జేస్తే మల్ల ఉరుకుతదంట. ఫ్యాక్టరీ రీసెట్ అంటరంట."

"సాఫ్ అంటే నా చీటీలు గూడ పోతయా?"

"అన్నీ పోతయంట. గందుకే నిన్ను అడుగనీకి వచ్చిన."

హైదరాబాదులో రోజుకొక అద్దాల మేడ లేస్తున్న కాలం అది. ఆ మేడల్లో కరెంటు పని చేసే మా తమ్ముడు, ఒక ఆఫీసు వాళ్ళు వాడి తీసేసిన లాప్‌టాప్‌ను నా కోసం తెచ్చాడు. తెలుగు అక్షరాలు కూడా ఎవరితోనో వేయించాడు. మీటల మీద అక్షరాల కాగితం ముక్కలు అంటించి ఇచ్చాడు. కాలు బాగుండక నేను బడికి పోలేదు. మా అమ్మ పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకొని ఇంట్లోనే చదువు చెప్పింది. ఆ కాస్త చదువు ఇంతమందికి పనికివస్తుందని అమ్మ అనుకొని ఉండదు. దేవుడు అనుకున్నాడు.

మా చర్చి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కోతపండుగకు కానుక తెచ్చే ప్రతి ఆడమనిషి, గింజల మూటకు ఒక చీటీ గుచ్చి తెస్తుంది. ఆ సంవత్సరం దేవునికి ఎందుకు కృతజ్ఞత చెప్పుకుంటుందో అందులో రెండు వరుసల్లో ఉంటుంది. ఆమె కన్నుమూస్తే, జ్ఞాపకార్థ కూటంలో పాస్టరు అయ్యగారు వేరే గొప్పలు చెప్పరు. ఆ చీటీలే చదువుతారు. రాయడం రానివాళ్ళు పండుగ ముందు వారం మా ఇంటికి వచ్చేవాళ్ళు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కొట్టి, ప్రింటు తీయించిన కాగితం వాళ్ళకిచ్చి, ఒక ప్రతి లాప్‌టాప్‌లో ఉంచేదాన్ని. కాగితాలు మూటలతో పాటే పోయేవి. మిగిలినవి నా దగ్గరివే.

ఇప్పుడు అది ఒక అక్షరం కొడితే కాసేపటికి గాని చూపించడం లేదు. మా మేనకోడలికి హైదరాబాదులో ఆస్పత్రుల రాతపని చేసే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పది రోజుల్లో టైపింగ్ పరీక్ష. ఇంటింటికి తిరిగినా సాధన చేసుకోవడానికి ఆ పిల్లకు వేరే యంత్రం దొరకలేదు.

చీటీలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని దుకాణంలో తెరిచి చూశాం. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు ముక్కలు, చుక్కలు, గీతలు. నేను వాడిన తెలుగు అక్షరాలు, ఫాంటు అంటారట, ఆ లాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేవట.

"ఇది తెలుగా, జిన్నుల భాషనా అమ్మా?" అన్నాడు దుకాణమాయన.

"నీ కన్నడం కన్న నయమే ఉన్నది," అంది మా తమ్ముడి భార్య.

ఆ అక్షరాలు వేసిన మనిషి ఎక్కడున్నాడో మా తమ్ముడికీ తెలియదు. లాప్‌టాప్‌కే ప్రింటరు తగిలిస్తే అరగంట తిరిగి ఆగిపోయింది. ఇంకా గుంజితే మొత్తానికే చచ్చిపోతుందన్నాడు దుకాణమాయన.

ఇంటికి వచ్చాక మేనకోడలు నా పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, నేను పరీక్షకు పోను. నీ చీటీలు నీకుండనియ్."

"పోకుంటే ఈడ కూసొని ఈగలు కొడుతవా?" అంది వాళ్ళమ్మ.

నేను లోపలికి పోయి ప్రార్థన చేసుకున్నాను. బయటికి వచ్చేసరికి, ఆ పిల్ల వదులుకోవడానికి సిద్ధపడిన దానికన్నా నాది పెద్దది కాదనిపించింది. నాలుగు రోజులు అడిగాను. ఆ నాలుగు రోజుల్లో చేతనైనన్ని చేతితో రాసుకుంటాను, ఐదోరోజు తుడిచేయండి అన్నాను.

ఫొటో తీసే ఫోను అప్పటికి మా ఇంట్లో లేదు, సాయం చేసేవాళ్ళూ లేరు. మా ఇంట్లో పిల్లలందరూ కన్నడ బడిలో చదివినవాళ్ళే. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. మా తమ్ముడి భార్యకు మరాఠీ అక్షరాలు తెలుసు. నేనొక్కదాన్నే రాయాలి.

ఒక్కో చీటీ తెరుచుకునేలోపు పొయ్యి మీద ఎసరు మరిగేది. అన్నీ అందవని మొదటి రోజే అర్థమైంది. అందుకని ఒక వరుస పెట్టుకున్నాను. చనిపోయినవాళ్ళవి ముందు. వాళ్ళను మళ్ళీ అడగలేను గదా. బతికున్నవాళ్ళను పండుగకు వచ్చినప్పుడు అడగవచ్చు. అలా ఒక నోటుబుక్కు నిండింది. అందులో ఒకామె బర్రె ఈనినందుకు, ఒకామె పెనిమిటి తాగి వచ్చినా కొట్టనందుకు, ఒకామె ఊరికే, ఏమీ జరగనందుకు కృతజ్ఞత చెప్పుకున్నారు. రాస్తుంటే చెయ్యి నొప్పిపుట్టింది. ఆ నొప్పికి కూడా స్తోత్రం చెప్పుకున్నాను.

నాలుగో సాయంత్రం, కుశనూర్ అనే ఊరి నుంచి పండుగకు వచ్చే ఒక అమ్మ చీటీ పొరపాటున తెరుచుకుంది. ఏటా తువాలలో కందులు మూట కట్టుకొని ఒక్కతే వచ్చేది. ఎవరూ లేని మనిషి. మొదటి వరుస చదివాను. "వానకు గోడ కూలిన దినం నేను పక్కింటామెకు నీళ్ళు ఇయ్యనీకి పోయిన, అందుకు." ఆమె గట్టిగానే ఉంది, పండుగకు వస్తుంది, అడుగుదాంలే అనుకున్నాను. రెండో వరుస మీదికి చూపు పోనివ్వకుండానే మూసి, ఇంకొకరిది తెరిచాను.

ఐదోరోజు తుడిచేశారు. లాప్‌టాప్ ఉరికింది. పిల్ల మిగిలిన రోజులు పగలంతా టైపు కొట్టి, పరీక్షకు పోయింది, పాసయింది. ఇప్పుడు హైదరాబాదులో ఉంది. దేవునికి స్తోత్రం.

ఆ ఏటి కోతపండుగకు కుశనూర్ అమ్మ రాలేదు. అటువైపు నుంచి వచ్చిన ఒకామెను అడిగాను.

"ఆమె పోయి చానా నెలలాయె అమ్మా. ఎండకాలంల పోయింది. కబురు జెప్పేటోళ్ళు ఎవరున్నరు?"

లెక్క చూసుకున్నాను. నేను వానాకాలంలో ఆమె చీటీ మూసేనాటికే ఆమె లేదు. చనిపోయినవాళ్ళవి ముందు అని నేనే వరుస పెట్టి, ఆమెను బతికున్నవాళ్ళలో ఉంచాను.

ఆమెకు కూడా కూటం పెట్టారు. అయ్యగారు చీటీ కోసం నావైపు చూశారు. నేను లేచి, గుర్తున్న ఆ ఒక్క వరుస చెప్పాను. రెండోది నా చేతులతోనే కొట్టాను, కానీ గుర్తుకు రాలేదు. పాత సంవత్సరాలవి ఒక్కటీ రాలేదు. అయ్యగారు కూర్చోమన్నట్టు తలూపారు.

తుడిచేయమన్నందుకు నాకు బాధ లేదు. మేనకోడలు ఫోను చేసిన ప్రతిసారీ, మంచిపనే అయింది అనుకుంటాను. ఆ ఒక్క చీటీ మూసినందుకే.

ఇది చదివే మీకు ఆమె తెలియదు. తెలిసినవాళ్ళు ఎక్కువమంది లేరు గనుకనే అడుగుతున్నాను. ఎప్పుడైనా మీరు దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటే, మీది అయిపోయాక ఒక్క క్షణం ఆగి, కందుల మూటతో వచ్చిన కుశనూర్ అమ్మను తలుచుకోండి. ఆమె రెండో వరుస ఏమిటో ఆయనకు తెలుసు.