బొంతలో నా డ్యూటీ చొక్కా

సౌదీలోని ఈ తబూక్‌లో ఈసారి చలి మనిషిని బయటికి రానివ్వడం లేదు. కొండల మీద మంచు పడి రోడ్డు మూసేశారు, నా లారీ ఆగిపోయింది. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. విజిట్ వీసా మీద వచ్చిన నా పెళ్లాం ఖాసింబీ మాత్రం పాత గుడ్డలన్నీ కలిపి బొంత కుడుతోంది. ఈ రోజు చూద్దును కదా, బొంత నడిమధ్యన నా డ్యూటీ చొక్కా!

"ఎవర్నడిగి కత్తిరించినావే?" అని అరిచాను.

"ఎవర్నడగల్ల? రోడ్డు మసగ్గా కనపడతాందని మొన్న నువ్వే అంటివి గదా. తోలింది చాలు, ఊరికి పోదాం పా" అంది, సూది ఆపకుండా.

నాకు మండిపోయింది. "నా కళ్లకేమైంది? ఇటియ్యి!" అని సూది లాక్కుని, ఉన్న దారం పీకేసి మళ్లీ ఎక్కించబోయాను. ఎంతసేపు గుచ్చినా దారం ఎక్కలేదు. దారం మంచిది కాదన్నాను. ఆమె అదే దారాన్ని ఒక్కసారికే ఎక్కించి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

సాయంత్రం నా యజమాని కఫీల్‌కు ఫోన్ చేసి, ఇక ఊరికి పోతాను, ఎగ్జిట్ వీసా వేయమని చెప్పాను. కళ్ల సంగతి కాదు. చొక్కా లేకుండా డ్రైవరు బండి ఎలా ఎక్కుతాడు? మీరే చెప్పండి.