తొవ్వకు అడ్డంగా పచ్చికొమ్మ

పగిడయ్య తాత ఆ రోజు నన్ను వదిలేసి ముందుకు ఎందుకు వెళ్ళిపోయాడో పదకొండేళ్ళు అడిగాను. అడిగిన ప్రతిసారీ ఒక కొత్త జవాబు చెప్పేవాడు. అందులో ఏది నిజమో ఈ రోజుకీ నాకు తేలలేదు.

అది 1981 ఆషాఢం. నాకు ఇరవై రెండేళ్ళు. నర్సు ఉద్యోగం వచ్చింది, ఊరి పేరు ఇప్పలగుంపు, భద్రాచలం దారిలో అడవి లోపల. పదిహేను రోజుల్లో చేరకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుందని ఆర్డరులోనే రాసి ఉంది. అడవికి వద్దని అమ్మ, నీ ఇష్టమని నాన్న, ఇద్దరి మీదా అలిగి నేను. ఇలా పద్నాలుగు రోజులు గడిపేశాం. పదిహేనో రోజు తెల్లారి నేలకొండపల్లిలో బస్సెక్కాను. ఆలస్యం నాది, కోపం మాత్రం లోకం మీద.

అడ్డరోడ్డు దగ్గర దిగేసరికి పన్నెండయింది. బస్సు వెళ్ళిపోయాక అక్కడ ఒక టీ కొట్టు, దాని ముందు గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తున్న ఒక ముసలాయన మిగిలారు. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన చిన్న గొడ్డలి.

"గాయన ఇప్పలగుంపోడే, పగిడయ్య. నారతాళ్ళు అమ్మి వాపస్ పోతుండు. ఆయన ఎంబడి పో అమ్మా" అన్నాడు టీ కొట్టాయన.

"ఎంత దూరం తాతా?" అని అడిగాను.

"గీడనే" అన్నాడు ముసలాయన. ఆ 'గీడనే' ఏడు మైళ్ళని తర్వాత తెలిసింది.

"ఐదింటి లోపల నేను సంతకం పెట్టాలి తాతా. పైసారు రిజిస్టరు పట్టుకుని మీ ఊరి బడికి వస్తాడట. ఐదు కొట్టగానే వెళ్ళిపోతాడు. ఆయన వెళ్ళిపోతే నా ఉద్యోగం పోయినట్టే."

ఆయన నన్ను చూశాడు, నా ట్రంకుపెట్టెను చూశాడు, నా కొత్త చెప్పుల్ని ఇంకొంచెం ఎక్కువసేపు చూశాడు. మాట్లాడకుండా పెట్టె లేపి నెత్తిన పెట్టుకున్నాడు. "నేను ముంగట పోత. నువ్వు ఎనక రా. తొవ్వ మూసుకుంట పోత" అని నడక మొదలుపెట్టాడు. అది నడక కాదు, పరుగు. రెండో మలుపులోనే మాయమయ్యాడు. నా సర్టిఫికెట్లు, ఆర్డరు, బట్టలు, అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

తొవ్వ మూయడమేమిటి? ఎవరైనా దారి మూసేసి వెనక రమ్మంటారా? దొంగైతే ఊరూ పేరూ తెలిసినవాడు టీ కొట్టు ముందు అంత తీరుబడిగా కూర్చుంటాడా? మంచివాడైతే ఆడపిల్లను అడవిలో వదిలేసి పారిపోతాడా? తిట్టుకుంటూ నడిచాను.

దారి రెండుగా చీలిన చోట ఎడమ దారికి అడ్డంగా పచ్చి టేకు కొమ్మ పడి ఉంది. కుడి దారి ఖాళీ. మా ఊళ్ళో పెళ్ళివారు దారి తప్పకుండా మలుపు మలుపుకీ మామిడి మండ కడతారు. మండ ఎటుంటే పెళ్ళి అటు. ఫర్వాలేదు, ముసలాయన గుర్తు పెట్టే పోయాడని సంతోషించి ఎడమకు తిరిగాను. వెనక వచ్చేవాళ్ళ కాళ్ళకు తగలకూడదని ఆ కొమ్మను లాగి పక్కన కూడా పడేశాను. ఆ దారి ఊరికే చుట్టు తిరిగి మళ్ళీ అసలు దారిలోనే కలిసింది. కాస్త ముందు మళ్ళీ చీలిక, మళ్ళీ కొమ్మ. అప్పుడూ అంతే. ఇంత శ్రద్ధగా గుర్తులు పెట్టినవాడు గుర్తును దారి మధ్యలో ఎందుకు పడేస్తాడన్న అనుమానం నాకు రాలేదు. చదువుకున్నదాన్ని కదా.

ఆ రెండో దారి పోయి పోయి ఒక వాగులో కలిసింది. ఎర్రనీళ్ళు ఉరుకుతున్నాయి. అవతల దారి లేదు, ఇవతల మనిషి లేడు. వాన మొదలైంది. గడియారం మూడు చూపిస్తోంది. బండరాయి మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. పెట్టె పోయింది, ఉద్యోగం పోయింది, ఇంటికి వెళ్ళి అమ్మకు మొహం ఎలా చూపించాలి అని ఏడ్చాను. పులి గుర్తుకు వచ్చాక ఏడుపు కూడా ఆగిపోయింది.

అప్పుడు వెనక నుంచి ఒక కేక. నెత్తిన గంపతో ఒక ముసలామె, తడిసి ముద్దయి, తన భాషలో నన్ను తిడుతూ వస్తోంది. తిట్లని మాత్రం బాగానే అర్థమయింది. దగ్గరకు వచ్చి నా మణికట్టు పట్టుకుని తెలుగులోకి దిగింది.

"కొమ్మ గుంజింది నువ్వేనా?"

"అవును."

"ఎందుకు గుంజినవ్?"

ఆమె చెయ్యి వదల్లేదు. ఇద్దరం వచ్చిన దారినే వెనక్కి నడిచాం. చీలిక దగ్గర ఆగి, నేను పారేసిన కొమ్మను తెచ్చి, మేం వచ్చిన దారికి మళ్ళీ అడ్డంగా వేసింది. దాని మీద అరచేత్తో ఒక్కటి కొట్టి నా మొహంలోకి చూసింది.

"మూసిన తొవ్వల పోతరా ఎవరన్న?"

అప్పుడు వెలిగింది. కొమ్మ ఉన్న దారి రావద్దని. ఖాళీగా ఉన్నదే రమ్మని. రెండు చోట్లా ముసలాయన తప్పుదారులన్నీ నా కోసం మూసుకుంటూ పోతే, నేను ఒక్కొక్కటే తెరుచుకుని అందులో దూరాను.

ఆమె పేరు గంగక్క, పగిడయ్య భార్య. సంతలో ఉప్పు కొనుక్కుని ఇంటికి పోతోంది. పక్కన పడేసిన కొమ్మను చూసింది, నరికిన ఏటవాలు చూసి అది తన ముసలోడి గొడ్డలేనని పోల్చుకుంది. బురదలో చెప్పుల అచ్చు చూసి, ఎవరో తెలియని మనిషి తప్పిపోయిందని నా వెనక పడింది. నేరుగా ఇంటికి పోయి ఉంటే వానకు ముందే చేరేది. నడుస్తుంటే ఆమె గంపలో నుంచి తెల్లటి నీళ్ళు వీపు మీదుగా కారడం చూశాను. ఉప్పు కరిగిపోతోంది. ఆమెకూ తెలుసు. ఒక్కసారి కూడా గంప దించి చూసుకోలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇప్పలగుంపు చేరేసరికి ఆరు కావస్తోంది. బడి ఆవరణలో మోటారుసైకిల్ ఉంది. దాని మీద పైసారు వెంకటప్పయ్య గారు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు. బడి గేటుకు అడ్డంగా మనిషెత్తు పచ్చికొమ్మ. కొమ్మ పక్కన నా ట్రంకుపెట్టె, దాని పక్కన చుట్ట కాలుస్తూ పగిడయ్య.

"నిర్మలాదేవి నువ్వేనా?" అని అరిచారు సారు. "గంట నుంచి ఈ ముసలోడు నన్ను కదలనిస్తలేడు. పదేళ్ళ నుంచి తిరుగుతున్న ఇక్కడ. వీళ్ళు ఏసిన కొమ్మ దాటి పోయిననుకో, రేపు ఈ గుంపుల నాకు మంచినీళ్ళు పోసేటోడు ఉండడు!"

కోపం కోపమే, రిజిస్టరులో మాత్రం సాయంత్రం ఐదు గంటలని రాశారు. నేను సంతకం పెట్టాను. పగిడయ్య లేచి కొమ్మ తీశాడు.

ఆ తర్వాత పదకొండేళ్ళు అక్కడే ఉన్నాను. తాతకు తాళ్ళు పేనడం తప్ప వేరే పని లేదనుకునేదాన్ని. టీకాల రోజు వస్తే మాత్రం నా మందులపెట్టె నెత్తిన పెట్టుకుని, అడక్కుండానే ముందు నడిచేవాడు. గంగక్కకు ఉప్పు తెచ్చిస్తే తీసుకోలేదు. "నాకు లేదా?" అని కోప్పడింది.

"ఆ రోజు నాతో కలిసి ఎందుకు నడవలేదు తాతా?" అంటే ఒకసారి, "నీ నడక నత్త నడక. సారును ఆపాలె గద" అన్నాడు. ఇంకోసారి, "ఎనక నడిస్తే నువ్వు భయపడవా?" అన్నాడు. మరోసారి, "యాదికి లేదు సిస్టరమ్మా" అని నవ్వాడు. మలేరియా పరీక్షకు సూది పట్టుకుని పోయినప్పుడు మాత్రం ఆయన గుమ్మానికి అడ్డంగా పచ్చికొమ్మ ఉండేది. లోపల నుంచి నవ్వు వినపడేది. నేను కొమ్మ దాటలేక బయట నిలబడి తిట్టేదాన్ని.

1992 మాఘంలో తాత ఆయాసంతో పోయాడు. నా మందులేవీ పనిచేయలేదు. మట్టి చేసి తిరిగి వస్తుంటే అందరికన్నా వెనక గంగక్క, ఆమె పక్కన నేను. వాగు దాటాక అవ్వ ఒక పచ్చికొమ్మ విరిచి మా వెనక దారికి అడ్డంగా వేసింది. పోయినవాళ్ళు మళ్ళీ ఇంటిదారి పట్టకుండా అలా వేస్తారని నాకు తెలుసు. తెలిసి కూడా వంగి ఆ కొమ్మను పట్టుకున్నాను. నా కోసం ఇన్ని దారులు తెరిచి ఉంచినవాడికి ఇంటిదారి మూయడం నా వల్ల కాలేదు.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. అదే పట్టు.

"ఇడువు. గిది నీకు కాదు, ముసలోనికి."

"మరి తాత ఎట్ల వస్తడవ్వా?" అన్నాను. ఏం మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు.

"రావద్దనే ఏసిన. నీ లెక్క గుంజి పారెయ్యడు. ఆయనకు తెలుసు."

కొమ్మ వదిలేశాను. నాలుగడుగులు నడిచాక అవ్వ ఆగింది. ఒక్కతే వెనక్కి వెళ్ళి ఆ కొమ్మను కాలితో కొంచెం జరిపింది. దారి సరిగ్గా మూయడానికి జరిపిందో, ఒక మనిషి పట్టేంత సందు వదలడానికి జరిపిందో నేను అడగలేదు.