ఓనర్ తాత ఒక్క గడి

నిన్న అశోక్‌నగర్ టీకొట్టు దగ్గర కోచింగ్ పిల్లలు ఫోన్లో చదరంగం ఆడుతుంటే, పాలపొడి డబ్బాలో గలగలలాడిన మా చెక్క పావులు గుర్తొచ్చాయి. తొంభైల్లో చిక్కడపల్లిలో కిరాయికుండేవాళ్ళం. మీకూ గుర్తుందా, పాతకాలం ఆటలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదిలేది?

మా ఓనర్ తాతది ఆ ఆటే.

"నువ్వు రెండు గళ్ళు జరుపుకో బిడ్డా, నేను ఒక్కటే జరుపుత. గెలిస్తే డాబా తాళంచెవి నీకే" అన్నాడు.

నల్లపావులతో, లైబ్రరీ పుస్తకంలో నేర్చుకున్న సిసిలియన్ డిఫెన్స్ అనే ఆరంభ ఎత్తుగడ ఆడాను. ఆయన రెండు ఎత్తుల్లో చేసిన పని నేను ఒక్క ఎత్తులో చేశాను. గెలిచాను. ఆ పూటంతా డాబా మాదే.

మర్నాడు అదే తాళంచెవి పందెంగా మళ్ళీ ఆడితే, తాత మొదటి బంటునే రెండు గళ్ళు జరిపాడు. ఓడిపోయాను. మళ్ళీ ఆయన మొలతాడుకెక్కిన తాళంచెవి, మేం ఇల్లు ఖాళీ చేసేదాకా అక్కడే ఉంది.