ఎర్ర రంగు పడ్డ బోరు

ఎండకాలం కరీంనగర్‌ల ఏ గల్లీకి ముందుగాల నీళ్లు బందయితయో మ్యాపు గీసే పని యుమ్నాది. మున్సిపాలిటీల కాంట్రాక్టు కొలువు. ఇల్లిల్లు తిరిగి నల్లా ఎంతసేపు వస్తుందో అడిగేది. బోర్లల్లకు టేపు దింపి నీళ్లు ఎంత లోతుకు పోయినయో చూసేది. నీళ్లున్న చోట పచ్చ రంగు, ఎండిపోయేటట్టున్న చోట ఎర్ర రంగు. ఎర్ర రంగు పడ్డ బోరు కాడ ట్యాంకర్లు నింపుడు మున్సిపాలిటీ ఎప్పుడైనా ఆపొచ్చు.

బైపాస్ రోడ్డు బోరు కాడ ఆమె చెయ్యి ఆగింది. వాళ్ల నాయన జబ్బార్ ట్యాంకర్ నింపుకునేది అక్కడనే. హోటళ్లకు, ఒక చిన్న కిడ్నీ దవాఖానకు ఆ నీళ్లే దిక్కు. టేపు దింపినప్పుడల్లా నీళ్లు ఇంకింత కిందికే ఉంటున్నయి.

"అబ్బా, ఆ బోరు ఎక్కువ రోజులు రాదు. ఇంకోటి చూసుకో," అన్నది నాయనతోని.

"దానికి ఎర్ర రంగేస్తే రేపు నన్ను నింపుకోనిస్తరా? మనం ఏం తిని బతకాలె?"

ఆమె ఎర్ర రంగే వేసింది. జబ్బార్ బిడ్డతోని మాట్లాడుడు బంద్ చేసిండు.

మే నెలల ఒకనాడు ఆయననే ఫోన్ చేసిండు.

"బేటా, మోటర్ల నీళ్లు వస్తలేవు, గాలొస్తుంది. దవాఖాన సంపు అడుగంటిందట. మనుషులు డయాలసిస్ మీదున్నరు. ఎక్కడికి పోవాలె?"

యుమ్నా మ్యాపు తీసింది. దగ్గర్ల పచ్చ రంగు ఒక్కటే, లక్ష్మీరాజం రైసుమిల్లు బోరు. ఇద్దరూ అక్కడికి ఉరికిన్రు.

లక్ష్మీరాజం గేటు తియ్యలే. "ఇయ్యాల మీకిస్తే రేపు ఊళ్లె ట్యాంకర్లన్ని నా ముంగటనే ఉంటయి. నీ మ్యాపుల నా బోరు తీసెయ్యమ్మా, నింపుకోన్రి."

"తీసెయ్ బేటా," అన్నడు జబ్బార్.

దవాఖాన నుంచి ఫోన్ మీద ఫోన్. "తియ్య సేటూ. మా నాయన నింపుకునే బోరుకే రంగు మార్చలే. కని ఇక్కడికి దవాఖాన ట్యాంకరొక్కటే వస్తది. ఆ మాట మా ఇంజినీరు సారుతోనే చెప్పిస్త."

ఇంజినీరు ఫోన్ల మాటిచ్చిండు. లక్ష్మీరాజం తనే తాళం తీసిండు. ట్యాంకర్ చేరేసరికి దవాఖానల రెండు డయాలసిస్ మిషన్లు ఆగినయి. మిగిలినయి ఆగలే. మనుషులకు ఏం కాలే.

ఆ వారమే బైపాస్ బోరుకు మూత పడ్డది. జబ్బార్‌కు హోటళ్ల గిరాకీ పోయింది. ఇప్పుడు దవాఖానకే నడుపుతుండు. ఆ ఎర్ర రంగు ముచ్చట వస్తే ఇప్పటికీ ముఖం గంటు పెట్టుకుంటడు. కని ఏ గల్లీల బోరు గాలి కొడుతున్నదని విన్నా ముందు బిడ్డకే ఫోన్ చేస్తడు.