లేచి నిలబడ్డ డెల్మర్

మా కౌంటీ గుమాస్తా నోరు మూయించిన మగాడు నాకు తెలిసి డెల్మర్ క్రాంప్టన్ ఒక్కడే. ముసలి హెస్టర్ మొగుడు పోయినప్పుడు, సైన్యం కాగితం లేదని, మాజీ సైనికులకు సర్కారు ఇచ్చే సమాధిరాయి గుమాస్తా ఇవ్వనన్నాడు.

"ఆయన కాలు ఫ్రాన్సు యుద్ధంలో పోయింది. రాయి ఇస్తావా, పెట్టె తెరిచి లేని కాలు చూసుకుంటావా?" అన్నాడు డెల్మర్.

వారం తిరక్కుండా రాయి వచ్చింది.

నేను మాజీ సైనికుల సంఘం హాల్లో ముప్పై ఏళ్లుగా శుక్రవారం భోజనాలకు చేపలు వేయిస్తున్నాను. చదివింది నాలుగో తరగతి. మనుషుల్ని చదవడానికి అది చాలు. డెల్మర్, మా తమ్ముడు రాయ్ ఒకే బస్సులో సైన్యానికి వెళ్లారు. రాయ్ వియత్నాం నుంచి పెట్టెలో వచ్చాడు. డెల్మర్ రెండేళ్లూ కాన్సస్ గిడ్డంగిలో దుప్పట్లు సర్దాడు. మా అమ్మకు ఓదార్పు కార్డు పంపింది అక్కడినుంచే.

ఏటా మే నెలాఖరున, అమర సైనికుల్ని తలుచుకునే రోజున, మా హాల్లో ఒక్కో యుద్ధం పేరు చదువుతారు. అక్కడికి వెళ్లినవాళ్లు లేచి నిలబడాలి. ఒక ఏడు 'వియత్నాం' అనగానే పక్కవాడు డెల్మర్ భుజం తట్టి, "లేవరా, సిగ్గెందుకు?" అన్నాడు. లేచాడు. ఒకసారి లేచినవాడు మరుసటేడు ఎలా కూర్చుంటాడు? పదిహేడేళ్లు లేచాడు. నిజం తెలిసిన నేనూ వంటగది గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కౌంటీ సభకు పోటీ చేశాడు. కరపత్రం మీద 'వియత్నాం యోధుడు' అని అచ్చేస్తే కొట్టేయమనలేదు. ఎదుటివాడు సైన్యం రికార్డు తెప్పించి పత్రికకెక్కించాడు. ఆ శుక్రవారం డెల్మర్ బల్ల దగ్గర కూర్చోగానే మిగతావాళ్లు పళ్లేలు తీసుకుని ఒక్కొక్కరే లేచిపోయారు.

తన పళ్లెం పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు.

"చల్లారిపోతోంది, తిను" అన్నాను.

"గొంతు దిగడం లేదు వెల్మా."

"అబద్ధం మాత్రం బాగానే దిగింది."

నూనె మరకల నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. "వెళ్లనన్నానా? నన్ను పంపలేదు."

"తెలుసు."

"ఆదివారం నన్ను హాల్లోంచి తీసేయడానికి ఓటేస్తారు. ఈ హాలు తప్ప నాకేముంది?"

పొయ్యి ఆర్పాను.

"రాయ్ ఉత్తరాలు నీ దగ్గరున్నాయిగా. నువ్వు తప్ప ఎవరూ చదవలేదు."

"అయితే?"

"వాళ్లముందు ఒక్క మాట చెప్పు వెల్మా. నన్ను వియత్నాంలో చూశానని రాయ్ నీకు రాశాడని చెప్పు."